వలస కథలు, రచనాభ్యాసము, పరిశోధన
(తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల నాధారముగా గొన్న విమర్శ)

తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతములందలి పాఠశాలల హాజరుపట్టీని జూచినచో, తెలుగు బాలుని పేరునకు ముందు సాధారణముగా ఒక్క అక్షరమే కానవచ్చును. ఆ యక్షరము తమిళదేశపు వాడుకను బట్టి తండ్రి పేరునకు గుర్తు. ఇంటిపేరు పట్టీకెక్కదు. ఇంటిలో పెద్ద లడిగినచో చెప్పుదురు, పెండ్లిపత్రికలో నచ్చువేయింతురు, బడిలో మాత్ర మది వినబడదు. తెలుగువారి ఇంటిపేర్లలో ననేకములు గ్రామనామములు. ముత్తాతలు విడిచివచ్చిన యూరి పేరు మునిమనుమని పేరునకు ముందు నిలిచియుండుట ఈ జాతికి సహజము. కావున ఇంటిపేరు ఒక్క మాటలో ముగియు వలసకథ యనదగును. వలసకథలను జదువుటయు, విమర్శించుటయు, వ్రాయుటయు నేర్పదలచినవా రీ ఒక్క మాటనుండియే ప్రారంభింపవలసియున్నది.

ఇందులకు ప్రసిద్ధమైన యుదాహరణము తిరుత్తణియందే కలదు. భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో జన్మించిరి. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామము. ఆ వంశమువారు పూర్వమచ్చటినుండి వచ్చినవారని ఇంటిపేరే చెప్పుచున్నది. ఇంతవరకు ఎల్లరు నెరిగినదే. ఐతే ఆయన జన్మదినము మాట వచ్చునప్పటికి ఒక విశేషము కలదు. ప్రభుత్వ పత్రములందు 1888 సెప్టెంబరు 5 అని యున్నది. 1962 నుండి దేశమెల్ల నా దినమునే ఉపాధ్యాయదినోత్సవముగా జరుపుకొనుచున్నది. కాని, ఆయన కుమారుడును చరిత్రకారుడునైన సర్వేపల్లి గోపాల్ 1989లో ప్రకటించిన జీవితచరిత్రలో, రాధాకృష్ణన్ తన జన్మదినము 1887 సెప్టెంబరు 20 అయియుండునని తలచెడివారని తెలిపిరి. తండ్రియెడ గౌరవముగల కుమారుడు లోకము పండుగ చేసికొనుచున్న తేదీని గూర్చి యీ సందేహమును దాచలేదు. దీనివలన తండ్రి గౌరవమునకు లోపము గలుగలేదు. చరిత్రకు మేలు కలిగినది. ఇంటి కథను ప్రేమతో వినుటయు, దానిని నిదానించి పరిశీలించుటయు పరస్పర విరుద్ధములు కావనుటకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము వేరొకటి యక్కరలేదు.

వలసలను గూర్చి తెలుగున వెలువడిన రచనలను, ముఖ్యముగా సంఘముల సంచికలలోను వంశచరిత్రలలోను గనబడు వ్యాసములను పరిశీలించినచో రెండు దోషములు తరచుగా గానవచ్చును. మొదటిది ప్రశంస. పూర్వు లెల్లరు రాజులకు దండనాథులే, ఎల్లరు నగ్రహారములు పొందినవారే యగుదురు. కూలికై వచ్చినవాడు, అప్పునకు భయపడి రాత్రికి రాత్రి యూరు విడిచినవాడు ఆ కథలలో నెన్నడును కానరాడు. రెండవది విలాపము. భాష పోయినది, బడి పోయినది, పేరు పోయినది యని దుఃఖించుటతో వ్యాసము ముగియును. ఏది యెప్పుడు పోయినది, ఏది నిలిచినది, నిలిచినది యెట్లు నిలిచినది యను ప్రశ్నలకు తావుండదు. ఈ రెండు దోషములకును మూలమొక్కటే: విన్నదానిని విన్నట్లు వ్రాయకపోవుట, వ్రాసినదానిని మరియొక యాధారముతో పోల్చి చూడకపోవుట. ఈ రెండు పనులను బాల్యముననే నేర్పుటకు వలసకథలకంటె తగిన సాధనము లేదని యీ వ్యాసమున నిరూపింప యత్నింపబడుచున్నది.

దక్షిణదేశపు తెలుగు వలసలపై వచ్చిన కల్పనాసాహిత్యమున అగ్రస్థాన మొక తమిళ నవలకు దక్కుట విచిత్రముగా దోచవచ్చును. కోవిల్పట్టి సమీపమున ఇడైసేవల్ గ్రామమున జన్మించి, 2021లో దివంగతులైన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు, రచనాభాష తమిళము. 1976లో వెలువడిన వారి 'గోపల్ల గ్రామం' తెలుగునేలనుండి పారిపోయివచ్చి, దక్షిణమున అడవి నరికి కాల్చి యూరు కట్టుకొనిన కుటుంబముల కథ. దాని కనుబంధముగా వచ్చిన 'గోపల్లపురత్తు మక్కళ్' అను నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమాన మీయబడినది. నూరేండ్లు దాటిన వృద్ధురాలు తన సంతతికి కథ చెప్పుచుండ, వినువా రడ్డుప్రశ్నలు వేయుచుండ, చరిత్ర కొంచెము కొంచెముగా బయటపడుట ఆ నవలయందలి నిర్మాణరహస్యము. రచయిత తానుగా చరిత్ర చెప్పడు, చెప్పువారిని జూపును. ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో, ఎవరి యెదుట చెప్పిరో పాఠకునకు తెలియును. పరిశోధకుడు తన పుస్తకములో మొదట గుర్తింపవలసిన విషయములును ఇవియే. కథాశిల్పమును పరిశోధనాక్రమమును ఇచ్చట నొక్కచోట కలసినవి.

ఆ నవలలో నొక ఘట్టము కలదు. పరమతస్థుడైన పాలకుడు తమ యింటి చక్కని కన్యను కోరగా బంధుజనమెల్ల ఆమెను దీసికొని రాత్రివేళ పారిపోవుదురు. ముందు వరదనది, వెనుక తరుముకొనివచ్చు సేన. అప్పు డొడ్డుననున్న చెట్టు వంగి వారిని దాటించును. చదువుచున్నంతసేపు ఇది యా కుటుంబమునకు మాత్రమే చెందిన యద్భుతమని తోచును. కాని 1909లో ఏడు సంపుటములుగా అచ్చైన థర్‌స్టన్ దక్షిణభారత కులములు, తెగల గ్రంథమును దెరచి చూచినచో, తమిళదేశమందలి మరియొక తెలుగు సమాజమువారు చెప్పుకొను వలసకథలోను ఇట్టి పాలకుడే, ఇట్టి కన్యయే, ఇట్టి నదియే, వంతెనగా వంగిన కానుగచెట్లే కనబడును. కథ యొక యింటిది కాదు. అది పలు కుటుంబములు తమదిగా జేసికొని మోసికొనివచ్చిన కథ యని అప్పుడు తెలియును.

ఇచ్చట విద్యార్థి నేర్వవలసినది సూక్ష్మమైన విషయము. చెట్టు వంగెనా లేదా యని వాదించుట వ్యర్థము. చెట్టు వంగినదని యింతమంది యేల చెప్పిరి యనునది ప్రయోజనముగల ప్రశ్న. క్రొత్తనేలపై కాలూనవలసినవారికి, ప్రకృతియే తమను దాటించినదను విశ్వాసము ఆ నేలపై నొక హక్కు నిచ్చినట్లగును. అట్లే కన్యను కోరిన పాలకుని కథనుగూడ జాగ్రత్తతో జదువవలెను. తెలుగువారు దక్షిణమునకు వచ్చుటకు చరిత్రకారులు చెప్పు కారణము లనేకములు: 14వ శతాబ్దమున విజయనగర సేనలు మధురవరకు సాగుట, 16వ శతాబ్దమున మధుర, తంజావూరు, సెంజి నాయకరాజ్యము లేర్పడుట, సైన్యోద్యోగములు, క్రొత్తగా సాగులోనికి వచ్చిన నేలలు, నేతపనివారికి దొరకిన ఆదరణ, కరవులు. ఈ కారణములన్నియు మరుగుపడి ఒక్క భయకథయే నిలిచినచో, అది పరమతద్వేషమునకు సాక్ష్యముగా వాడబడు ప్రమాదము కలదు. చెప్పినవారి మాటను మార్చరాదు. ఆ యొక్క మాటనే చరిత్రగా నిలుపరాదు. నవలయందు అడవి కాల్చి నేలచేసిన ఘట్టమును జదువునపుడుగూడ, ఆ యడవి యంతకుముం దెవరికి జీవనాధారమైయుండెనో యని పాఠకుడు తానుగా ప్రశ్నించుకొనవలసియున్నది. వచ్చినవారి కథ యెంత గొప్పదైనను, అంతకు ముందున్నవారి కథ దానిలో నిమిడియుండదు.

విన్నదానిని వ్రాసిపెట్టి పిదప పోల్చిచూచు పద్ధతి తెలుగువారికి క్రొత్తది కాదు. 1783లో ఈ దేశమునకు వచ్చి, 1815లో భారతదేశపు సర్వేయరు జనరలై, 1821లో మరణించిన కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతులు ఇందులకు తార్కాణము. ఆ సేకరణకు వెన్నెముకయై నిలిచినవారు ఏలూరునకు చెందిన కావలి సోదరులు: వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. 1803లో బొర్రయ్య చిన్నవయసుననే మరణింపగా లక్ష్మయ్య యా కార్యమును సాగించెను. వీరును, వీరి క్రింద పనిచేసినవారును గ్రామములకు బోయి కరణముల కవిలెలను జూచి, వృద్ధుల మాటలు విని, శాసనములకు ప్రతులు వ్రాసికొనిరి. తరువాతి కాలమున సి. పి. బ్రౌను వీనిలో పెక్కింటికి శుద్ధప్రతులు వ్రాయించెను. చెన్నపట్టణమందలి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున ఆ కైఫీయతులు భద్రపరుపబడియున్నవి.

కైఫీయతులను గుడ్డిగా నమ్మరాదని వానిని పరిశీలించిన పండితు లెల్ల నెరుగుదురు. గ్రామము పుట్టుక చెప్పునపుడు చెప్పువాడు తన మాన్యమును, తన మిరాసీని, తన పెద్దరికమును గూడ నిలుపుకొన జూచుట సహజము. ఐనను వానియందు కథతోబాటు శాసనప్రతియు, గ్రామపు హద్దులును, చెరువుల పేర్లును చేర్పబడియుండుటచే, కథను నిగ్గుదేల్చు సాధనములు ఆ ప్రతియందే దొరకును. నేటి విద్యార్థి వ్రాయు కుటుంబకథకును ఇదియే యొరవడి కావలెను. ఒక ప్రక్క అవ్వ చెప్పిన మాట. మరియొక ప్రక్క ఇంటి పెట్టెలోని దస్తావేజు. ఈ కథవలన ఎవరి కేమి కలసివచ్చునను ప్రశ్న మూడవది. ఈ మూడును గల రెండుపుటల వ్యాసము, పొగడ్తలతో నిండిన యిరువదిపుటల వంశచరిత్రకంటె విలువైనది.

దస్తావేజుల మాట వచ్చినపుడు తిరుత్తణి ప్రాంతపు విశిష్టత బోధపడును. ఇచ్చట నొక యింటి పాతపత్రములను వరుసగా బరచి చూచినచో ఒకే నేలకు నాలుగు జిల్లాల పేర్లు కానవచ్చును. 1911కు పూర్వము ఉత్తరార్కాడు జిల్లా. 1911 ఏప్రిలు 1 నుండి చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిలు 1 నుండి చెంగల్పట్టు జిల్లా. 1997 నుండి తిరువళ్లూరు జిల్లా. రాష్ట్రములును మారినవి: మద్రాసు రాజధాని, 1953 అక్టోబరు 1 నుండి ఆంధ్రరాష్ట్రము, 1956 నుండి ఆంధ్రప్రదేశము, 1960 నుండి మద్రాసు రాష్ట్రము, 1969 నుండి తమిళనాడు. ఇన్ని మార్పులలో నా కుటుంబము గడప దాటలేదు. హెచ్. వి. పటాస్కర్ చేసిన సరిహద్దు నిర్ణయమును అనుసరించి 1959లో పార్లమెంటు చేసిన శాసనము 1960లో అమలునకు రాగా, తిరుత్తణి తాలూకాలో నధికభాగము మద్రాసు రాష్ట్రమునకును, తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు, సత్యవేడు మొదలైనవి, చిత్తూరు జిల్లాకును చేరినవి. తిరుత్తణి తెలుగువారిలో పెక్కుమంది వలస వచ్చినవారు కారు. ఎల్లయే వారిని దాటిపోయినది.

ఈ భేదమును గుర్తింపని రచనలు పాఠకుని దారి తప్పించును. తమిళనాటి తెలుగువారందరును ఎన్నడో యెచ్చటినుండియో వచ్చినవారని కొందరు వ్రాయుదురు. అందరును ఆదినుండి యిచ్చటివారేయని మరికొందరు వ్రాయుదురు. మధుర జిల్లాలోని కుటుంబమునకు సరిపడు మాట తిరుత్తణి కుటుంబమునకు సరిపడకపోవచ్చును. పళ్లిపట్టునందు ఒకే వీథిలో నున్న రెండిండ్లకుగూడ నొకే కథ వర్తింపకపోవచ్చును. ఒక యింటివారు నూరేండ్ల క్రిందట మగ్గముతో వచ్చినవారు కావచ్చును; ప్రక్కయింటివారు కార్వేటినగర సంస్థానపు కాలమునుండి యచ్చటనే యున్నవారు కావచ్చును. కావున విద్యార్థి వేయవలసిన మొదటి ప్రశ్న 'ఎచ్చటినుండి వచ్చితిరి?' అనునది కాదు, 'వచ్చితిరా?' అనునది.

ఎల్లకు రెండు ప్రక్కలుండును గనుక ఎల్లకథకును రెండు ప్రక్కలుండును. తిరుపతియు తమిళనాటికే చెందవలెనని వాదించి, ఉత్తరపు సరిహద్దు ఉద్యమమును నడపిన మ. పొ. శివజ్ఞానము తన యాత్మకథయైన 'ఎనదు పోరాట్టమ్' నందు ఆ చరిత్రను తమిళుల దృష్టితో జెప్పిరి. చెన్నపట్టణము ఆంధ్రులకు చెందవలెనను వాదము తెలుగువారు చేసినదే. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగము చేసినది చెన్నపట్టణముననే. ఒకరికి లాభముగా దోచినది మరియొకరికి నష్టముగా దోచుట ఈ రెండు కథనములను ప్రక్కప్రక్కన నుంచినపుడు స్పష్టమగును. సత్యవేడు వైపునకు జేరిన తమిళ కుటుంబములకును తిరుత్తణి తెలుగువారివంటి కథయే కలదని తెలిసికొనిన విద్యార్థి, తన విలాపమును గొంత తగ్గించుకొని, వ్యాసమును గొంత సరిదిద్దుకొనును. తమిళము చదువగలుగుట యిచ్చటి తెలుగు విద్యార్థికి భారము కాదు. రెండు వైపుల యాధారములను మూలభాషలలోనే చూడగల యోగ్యత యది. హైదరాబాదు పరిశోధకునకు సులభముగా లభింపనిది.

వచ్చినవారి కథతోబాటు ఈ నేలనుండి పోయినవారి కథయు గలదు. 1860లో 'ట్రూరో' అను నోడ మద్రాసునుండి కూలివారిని దీసికొని పోయి నవంబరు 16న డర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వరకు భారతదేశమునుండి నేటాలునకు ఒప్పందపు కూలీలుగా బోయినవారు 1,52,184 మంది యని లెక్క. మద్రాసు రేవు మీదుగా బోయినవారిలో నుత్తరార్కాడు జిల్లావారు అధికసంఖ్యలో నుండిరి. తిరుత్తణి యా కాలమున నా జిల్లాలోనిదే. ఓడపట్టీలందు ప్రతి మనుష్యునకు నొక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాయబడినవి. ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసిన యా పేర్లలో ఊళ్లు గుర్తుపట్టరానంతగా మారినవి. తెలుగుపేరో తమిళపేరో తేల్చుట యనేక సందర్భములలో కష్టము. ఐనను ఆ పట్టీయే యాధారముగా ముత్తాత యూరిని వెదకికొనుచు దక్షిణాఫ్రికానుండి వచ్చువారు గలరు. 1931లో నచ్చటి తెలుగువారు ఆంధ్రమహాసభను స్థాపించుకొని భాషను నిలుపుకొన యత్నించిరి.

ఓడపట్టీని, గోపల్ల గ్రామపు వృద్ధురాలి కథను ప్రక్కప్రక్కన నుంచి చూడదగును. పట్టీయందు తేదీ కలదు, గ్రామము కలదు. ఏల పోయెనో లేదు. వృద్ధురాలి కథలో ఏల వచ్చిరో కలదు, తేదీ లేదు. కాగితము గలవాడు కంఠమును వెదకవలెను. కంఠము విన్నవాడు కాగితమును వెదకవలెను. ఈ రెండును జేయనివాని రచన, చదువుట కెంత యింపుగా నున్నను, సగమే.

ఇంతవరకు విషయమును గూర్చిన విమర్శ. ఇక భాష. తిరువళ్లూరు జిల్లా యీశాన్యభాగమున పులికాటు సరస్సు కలదు; దాని యధికభాగ మాంధ్రప్రదేశమున, దక్షిణభాగము తమిళనాట నున్నది. ఆ సరస్సు చుట్టుపట్ల తెలుగు జీవితమును స. వెం. రమేశ్ 'ప్రళయకావేరి కతలు' అను సంపుటమున చిత్రించిరి. బాలుడు పెద్దలవద్ద కూర్చుండి నేర్చుకొనిన చేపల పేర్లు, పక్షుల పేర్లు, ఆటల పేర్లు, వంటల పేర్లు ఆ కథలలో విరివిగా గలవు. కథాసంవిధానమున నందందు స్మృతిభారము హెచ్చైనదనియు, కొన్నియెడల కథకంటె పదముల పట్టికయే ముందునకు వచ్చినదనియు విమర్శింపవచ్చును. కాని ఆ దోషమే పరిశోధకునకు గుణమగుచున్నది; ఆ పదములు మరియొక గ్రంథమున నింత సమగ్రముగా దొరకుట యరుదు. చిత్తూరు జిల్లా పల్లెభాషను కథలకెక్కించిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రచనలును ఈ ప్రాంతపు విద్యార్థికి దగ్గరివే. కి. రాజనారాయణన్ తమిళమున తన కరిసల్ నేల మాటలకు ఏకముగా నొక నిఘంటువునే కూర్చిరి. ఉన్నతవిద్య లేని యా రచయిత పుదుచ్చేరి విశ్వవిద్యాలయమున జానపదవిజ్ఞానమును బోధించుటకు ఆహ్వానింపబడుట, ఇంటిమాటను శ్రద్ధగా వినుటయే పాండిత్యమునకు దారితీయునని చూపుచున్నది.

పాఠశాలలో జరుగుచున్నది దీనికి విరుద్ధము. తిరుత్తణి పల్లెలలో బాలుడు ఇంట సంగటి తినును, గెణుసుగడ్డ కాల్చుకొనును, చెనిక్కాయలు ఒలుచును, దుడ్లు లెక్కించును. బడిలో నివి తప్పులుగా దిద్దబడును. ఎద్దులతో బావినీరు తోడు సాధనమును తాత 'కపిల' యనును. పాఠ్యపుస్తక మందు 'మోట' యని యుండును. ఎఱ్ఱసిరాతో కపిలను గొట్టి మోటను వ్రాసిన యుపాధ్యాయుడు ఒక మాటను దిద్దితి ననుకొనును; వాస్తవముగా, ఆ కుటుంబము ఏ సీమ తెలుగునకు సంబంధించినదో తెలుపు సాక్ష్యము నొకదానిని చెరిపివేసినవాడగుచున్నాడు. విద్యుత్పంపులు వచ్చి కపిల పోయినది. వస్తువు పోయినపిదప మాటయే మిగిలిన గుర్తు. అట్లే 'అంగడి' యని వ్రాసిన బాలునితో నది తమిళపు మాటయని చెప్పి 'దుకాణము' అని దిద్దువారును గలరు. అంగడి ప్రాచీనాంధ్ర కావ్యములందు వాడబడిన పదము. దుకాణమే పరభాషనుండి వచ్చినది. ఇంటిమాటను దిద్దుటకు ముందు నిఘంటువును దెరచుట ఉపాధ్యాయునకును పరిశోధనాభ్యాసమే.

ప్రామాణికభాష యక్కరలేదని యిందలి యభిప్రాయము కాదు. వ్యాసమును ప్రామాణికభాషలో వ్రాయవచ్చును; వ్రాయుటయు నేర్వవలెను. కాని చెప్పినవారి మాటలను ఉదాహరించునపుడు వారి నోట వచ్చినట్లే యుంచవలెను. వ్రాయువాని మాట యేది, చెప్పినవారి మాట యేది యను భేదము తెలిసినప్పుడే విద్యార్థికి రచన యొక్క మర్యాద తెలిసినట్లగును. ఆత్మీయముగా చెప్పబడిన రహస్యములను, పేర్లు బయటపెట్టరాని సంగతులను మరుగుపరచుటయు నా మర్యాదలోనిదే.

ఈ యభ్యాసము నేడు మునుపటికంటె నవసరమగుటకు కారణము కలదు. రాజ్యాంగమున 1956లో చేర్పబడిన 350ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల బాలురకు ప్రాథమిక దశయందు మాతృభాషాబోధనకు రాష్ట్రములు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. తమిళనాడు శాసనసభ 2006లో చేసిన చట్టముననుసరించి 2006–07లో ఒకటవ తరగతినుండి తమిళము నిర్బంధపాఠ్యమై, ఏటేట నొక్కొక్క తరగతికి ప్రాకి, 2015–16 నాటికి పదవ తరగతిని జేరినది. అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు న్యాయస్థానములు కొన్ని యేండ్లు పరీక్షలో మినహాయింపు లిచ్చినవి. ఆ వివాదపు మంచిచెడ్డలు ఇచ్చట ప్రస్తుతములు కావు. రాష్ట్రపు భాషను రాష్ట్రమున నున్నవారు నేర్చుకొనుట యుచితమే. కాని దాని ఫలితముగా తెలుగునకు బడిలో మిగిలిన గడియలు తక్కువయైనవి. మార్కుల యాకర్షణయు తగ్గినది. మార్కులకొరకు మాత్రమే నేర్పబడిన భాష, మార్కులు పోయిననాడు విద్యార్థికి అక్కరలేనిదగును. అట్టి సమయమున 'తెలుగేల నేర్వవలెను?' అను ప్రశ్నకు సమాధానము పాఠ్యపుస్తకమున దొరకదు. అవ్వ తెలుగుననే కథ చెప్పుచున్నది. ఆ కథను చెడకుండ వ్రాసికొనవలెనన్నచో తెలుగక్షరములు రావలెను. ఇంతకంటె సూటియైన సమాధానము లేదు.

ఇక నాచరణకు వచ్చునపుడు పెద్ద యేర్పాట్లు అక్కరలేదు. తొమ్మిదవ తరగతి విద్యార్థి పుస్తకపు పుటను మూడు భాగములుగా విభజింపవచ్చును: విన్నది, చూచినది, ఊహించినది. అవ్వ మాట మొదటిదానిలో; దస్తావేజు, సమాధిరాయి, కులదేవత గుడి, ఇంటిపేరుగల యూరు పటమున నున్న చోటు రెండవదానిలో; తన తలంపు మూడవదానిలో. ఊహించినదానిని చూచినదాని భాగమున వ్రాసినచో తప్పుగా నెంచవలెను. అక్షరదోషములకంటె నిది పెద్ద తప్పు. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పము వంటి నేతయూళ్లలో మగ్గపు భాగముల పేర్లను, రామకృష్ణరాజుపేట, పళ్లిపట్టు ప్రక్కల చెరువులు, తోపుల పేర్లను వ్రాసికొనుటతో ప్రారంభింపవచ్చును. తిరువళ్లూరు వీరరాఘవస్వామి యాలయము అహోబిలమఠపు నిర్వహణమున నుండుట యెట్లు సంభవించినదని యడిగినచో, కుటుంబములే గాక మఠములును, దేవస్థానములును దేశములను గలుపుచుండెనని తెలిసివచ్చును.

తుదకు మరియొక మాట. తిరువళ్లూరు జిల్లాలోని ఇటుక బట్టీలకు ఒడిశానుండి కుటుంబములు ఏటేట వచ్చి, పనికాలము ముగిసినపిదప మరలిపోవుచున్నవి. వారి పిల్లలకు తమిళము రాదు, తెలుగు రాదు. తమ ఒడియాలో జదువుకొను నవకాశము స్వల్పము. నాలుగు తరముల క్రిందటి తమ పూర్వుల వలసను గూర్చి గర్వముతో వ్రాసికొను తెలుగు విద్యార్థి, బడికి పోవు దారిలో కనబడు నా పిల్లవానిని జూడక పోయినచో, వలసకథల వలన నతడు నేర్చినది కొంచెమే. అవ్వను అడిగిన ప్రశ్నలనే యా పిల్లవాని తల్లినిగూడ నడుగవచ్చును: ఏల వచ్చితిరి, ఏ దారిని వచ్చితిరి, ఏమి తెచ్చుకొంటిరి, ఏ మాట యిచ్చట చెల్లకపోయినది? ఆ సమాధానములను వ్రాసికొనిన విద్యార్థికి తన యవ్వ కథయు క్రొత్తగా నర్థమగును.

తెలుగు సంఘములు వర్ధంతులకు, జయంతులకు చేయు వ్యయములో నొక స్వల్పభాగముతో, ఏటేట ఈ ప్రాంతపు పాఠశాలలనుండి యిట్టి వ్యాసములను సేకరించి, దస్తావేజుల ప్రతులతో గూడ బైండుచేయించి, ఒక గ్రంథాలయమున భద్రపరుపవచ్చును. కావలి సోదరులకు లభించిన యాదరణ యొక విదేశీయుని జీతము. నేటి విద్యార్థులకు స్వజనుల యాదరణయే లభింపగలదు. 1960 నాటి సరిహద్దుమార్పును యుక్తవయసున జూచినవారు నేటికి ఎనుబదియేండ్లు దాటినవారు. వారిలో మాటాడగలవారు ఇంకను గొందరున్నారు. వారి నడుగుటకు ఈ యేటి వేసవిసెలవులు చాలును. పై యేటికి వారందరు నుందురని చెప్పుటకు వీలులేదు.